హైదరాబాదుకు కాలి కొలతలు

నేను హైదరాబాద్ వెళ్తున్నానని మా బడి స్టాఫ్‌రూంలో నోరు జారడమే నా పొరపాటు. అరగంటలో నా తల వాచిపోయింది. ముప్ఫై మూడేళ్ళొచ్చినా విశాఖపట్నం దాటి ఎరగనిదాన్ని దొరికాను కదా, లెక్కల మేడమ్ తెల్లకాగితం నా ముందు పెట్టి మరీ సలహాలు రాయించింది.

"స్టేషన్ బయట ఆటోవాడు పలకరిస్తే పలకొద్దు, ఫోన్లో బుక్ చేసుకో. మెళ్ళో గొలుసు తీసేసి వెళ్ళు. హ్యాండ్‌బ్యాగు వీపుకి కాదు, పొట్టకి వేసుకో. చార్మినార్ పొద్దున్నే చూసెయ్, గోల్కొండ సాయంత్రం పెట్టుకో, ఎండలో ఎక్కించినావంటే మీ అమ్మ పడిపోతాది. బిర్యానీ ఒకటి చెప్పు చాలు, ఇద్దరికీ మిగిలిపోతాది. బేరం దగ్గర సిగ్గుపడకు, వాడు చెప్పినదాంట్లో సగం అడుగు."

ఆవిడ హైదరాబాద్ చూసింది ఒకే ఒక్కసారి, అదీ చెల్లెలి పెళ్ళికి. అయినా నేను బుద్ధిగా అన్నీ రాసుకున్నాను. ఎందుకంటే నాకు భయం. అరవై దాటిన అమ్మని వెంటేసుకుని అంత పెద్ద ఊళ్ళో దిగి ఎక్కడ తప్పిపోతామో అని నాకు నిజంగానే గుండెల్లో దడ.

ఇంటికొస్తే ఇంకో గొడవ. మాది రాజాం పక్కన పల్లె. మా వైపు పట్నం వెళ్ళేవాళ్ళని చెప్పులు తెమ్మన్నప్పుడు ఎవరూ సైజు నంబరు చెప్పరు. చీపురుపుల్ల తీసి, మడమ దగ్గర్నుంచి బొటనవేలి కొస దాకా పెట్టి చూసి, గోటితో పుటుక్కున తుంచి మన చేతిలో పెడతారు. ఆ పుల్ల ఎంత పొడవుందో అంత చెప్పు తేవాలి. మేం వెళ్తున్నామని తెలిసిన సాయంత్రానికి మా గుమ్మంలో పదకొండు పుల్లలు పోగయ్యాయి.

"ఒలమ్మా, ఫోన్లు చేతిలో పట్టుకుని ఈ పుల్లలేటి? నంబరు చెప్పండే!" అని నేను అరిచాను.

"నంబరు కంపినీకో రకంగా ఉంటాది. పుల్ల మారదు కదా," అంది ఎదురింటావిడ, తన మనవరాలి పుల్ల నా చేతిలో పెడుతూ.

ఇంకేం చేస్తాను? ఒక్కో పుల్లకీ చిన్న చీటీ చుట్టి, దారం కట్టి, ఎవరిదో రాసి, రబ్బరు బ్యాండు వేసి బ్యాగులో పడేశాను. పోస్టుగ్రాడ్యుయేషన్ చేసింది ఇందుకే కాబోలు అని తిట్టుకున్నాను కూడా.

అసలు ఈ ప్రయాణం నా కోరిక కాదు. అమ్మది. నెల కిందట మా ఊరి పండక్కి మేస్త్రీ మావయ్య వచ్చాడు. అమ్మకి వరసకి తమ్ముడు, ఇప్పటికీ హైదరాబాదులో తాపీపనే. అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్తూ, "అప్పా, మీరు మొదట్లో పని సేసినారు సూడు, ఆ అయిదంతస్తుల మేడ, దాన్ని పడగొట్టీస్తన్నారు. ఇంకా పెద్దది కడతారంట. అందరూ కాళీ సేసీసినారు," అన్నాడు.

అమ్మ అప్పుడు అడ్డపొగ కాలుస్తోంది. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మా వైపు ఆడవాళ్ళకి పాత అలవాటు, ఎన్నిసార్లు మానమని పోరినా అమ్మ మానలేదు. ఆ మాట వినగానే చుట్ట నోట్లోంచి తీసి నేలకి రాసి ఆర్పేసింది. సగం కూడా కాలని చుట్టని అమ్మ ఆర్పేయడం నేనెప్పుడూ చూడలేదు.

మావయ్య వెళ్ళాక నా దగ్గరికొచ్చి, "నాను ఆ మేడ ఓపాలి సూడాల. పడగొట్టీలోపల," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ మేడ పేరెత్తితేనే నాకు మంట. మా అమ్మానాన్నా నన్ను అమ్మమ్మ దగ్గర పడేసి, ఇటుకలూ సిమెంటు తట్టలూ మొయ్యడానికి హైదరాబాద్ పోయారు. నాకు గుర్తున్నంత వరకూ అమ్మమ్మ ఇల్లే నా ఇల్లు. ఎనిమిదో తరగతి దాకా అమ్మని ఏడాదికి రెండుసార్లు చూసేదాన్ని. పెద్దయ్యాక ఇద్దరికీ ఎప్పుడు మాటామాటా పెరిగినా, నా చివరి మాట ఒకటే: "నన్ను ఒగ్గేసి పోయినావు కదే, నీకేం తెలుసు నా సంగతి?" దానికి అమ్మ ఎప్పుడూ జవాబు చెప్పేది కాదు. నేను గెలిచాననుకునేదాన్ని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాకో తమ్ముడుండేవాడు. ఏడాదిన్నర పిల్లాడు. ఆ హైదరాబాదులోనే జ్వరమొచ్చి పోయాడని విన్నాను. నాకు వాడి మొహం గుర్తులేదు, ఒక్క ఫోటో కూడా లేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. నాన్న పోయి పదేళ్ళయింది, ఆయనా ఎప్పుడూ ఎత్తలేదు.

సరే, పెద్దావిడ అడిగింది, ఒక అరగంట ఆ మేడ చూపించేసి, మిగతా మూడు రోజులూ లెక్కల మేడమ్ కాగితం ప్రకారం తిరిగేద్దామని పిల్లల్ని మా ఆయనకి అప్పజెప్పి బయల్దేరాను.

సాయంత్రం విజయనగరంలో రైలెక్కితే పొద్దెక్కాక సికింద్రాబాద్‌లో దిగాం. ఆ జనాన్ని చూడగానే బ్యాగు పొట్టకి వేసుకున్నాను. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఫోన్‌లో ఆటో బుక్ చేస్తుంటే ఎంతకీ అవడం లేదు. ఇంతలో ఒక ఆటో అతను వచ్చి హిందీలో ఏదో అడిగాడు. నేను రాసుకున్నట్టే మొహం తిప్పుకున్నాను.

"అరే భయ్యా, ఇత్నా నై. ఆధా లేవ్. రోజ్ ఆనేవాలే హై హమ్," అని వినపడింది.

ఎవరా అని చూస్తే మా అమ్మ! నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, అంత ఇవ్వం, సగం తీసుకో అని ఆటోవాడితో తగువాడుతోంది. మా హెడ్‌మాస్టారు ఎదురుపడితే కొంగు నోటికడ్డం పెట్టుకునే మనిషి, బ్యాంకులో వేలిముద్ర వెయ్యమంటే నా వెనక్కి నక్కే మనిషి! ఆటోవాడు నవ్వి, "ఆవో అమ్మా," అని సంచీ అందుకున్నాడు.

"నీకు హిందీ వస్తాదేటే?" అన్నాను ఆటోలో కూర్చున్నాక.

"అన్నేళ్ళున్నాను. రాదేటి మరి?" అంది అమ్మ, రోడ్డు కేసి చూస్తూ.

పెద్ద ఊరు మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒక్కటే. బయల్దేరే ముందు మీ ఇంట్లో ముసలాళ్ళకి ఏమేం తెలుసో కనుక్కోండి. లేకపోతే నాలాగే స్టేషన్ బయట బుర్ర తిరిగి నిలబడాల్సి వస్తుంది.

లాడ్జిలో స్నానాలు చేసి, ఇడ్లీ తిని, మెట్రో ఎక్కడానికి వెళ్ళాం. అక్కడ బ్యాగు మిషన్‌లోంచి పోతుంటే తనిఖీ చేసే అమ్మాయి ఆపేసింది. రబ్బరు బ్యాండు వేసిన పుల్లల కట్టని బయటికి తీసి, చీటీలు తిప్పి తిప్పి చూసింది. వెనకాల లైను ఆగిపోయింది. అందరూ నాకేసే చూస్తున్నారు. చేతబడి సామాను అనుకున్నారో ఏమో, ఒకావిడ తన పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"చప్పల్ కా నాప్ హై, బేటీ. హమారే గాఁవ్ కే బచ్చోం కా," అంది అమ్మ మళ్ళీ. మా ఊరి పిల్లల చెప్పుల కొలతలని చెప్పిందన్నమాట. ఆ అమ్మాయి ఒక పుల్ల తీసి తన బూటు పక్కన పెట్టి చూసుకుని నవ్వేసింది. మమ్మల్ని పంపించేసింది. అప్పటికి నాకు ఒక విషయం అర్థమైంది. ఈ ఊళ్ళో మా ఇద్దరిలో చెయ్యి పట్టుకుని నడిపించేది నేను కాదు.

కానీ ఆ గొప్ప కూడా మధ్యాహ్నం దాకానే. మెట్రో దిగాక అమ్మకి దారి తెలియలేదు. ఆవిడ గుర్తులన్నీ ఆనాటివి. "ఇసక లారీలు ఆగే సోటు" అంటుంది, అక్కడ బంగారం షాపుంది. "పెద్ద గొయ్యి" అంటుంది, ఆ గోతిలోంచి లేచిన అద్దాల మేడని మెడ నొప్పెట్టేలా తలెత్తి చూడాలి. "కట్టెల అడితి" దగ్గర ఆస్పత్రి. మేస్త్రీ మావయ్యకి ఫోన్ చేస్తే కలవడం లేదు. మేడ పేరు చెప్పమంటే అమ్మకి తెలియదు. తను కట్టేటప్పుడు దానికి పేరెక్కడుంది? రెండు గంటలు ఎండలో తిరిగాం. నా ఓపిక అయిపోయింది.

"చాలే ఇంక! అడ్రసు లేదు, పేరు లేదు. నీ మేడ ఎప్పుడో పడిపోయుంటాది. పద, పోదాం," అని నడిరోడ్డు మీద కసిరాను.

అమ్మ ఏడవలేదు, తిరిగి కసరలేదు. "ఇంకో సందు సూద్దామే. ఒక్క సందు," అంది. ఆ గొంతు విని నేను వెంట నడిచాను. అమ్మ నన్ను ఏదైనా బతిమాలడం అదే మొదటిసారి.

ఆ సందు మలుపులో ఒక రాతిబండ కనపడింది. రెండు అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కుని, ఏనుగంత బండ. దాని మీద ఎవరో పచ్చరంగు వేసి చిన్న జెండా పాతారు. అమ్మ పరుగులాంటి నడకతో వెళ్ళి దాని మీద అరచెయ్యి వేసింది.

"దీని మీదే బట్టలారేసీదాన్ని," అంది. అక్కణ్ణుంచి ఇక ఎవర్నీ అడగలేదు. కుడికి తిరిగి, ఎడమకి తిరిగి, తిన్నగా ఒక మేడ వెనకవైపు గోడ దగ్గరికి తీసుకెళ్ళి ఆగిపోయింది.

"గేటు ఉండాలే. మూసీసినారేటి?"

"అమ్మా, గేటు ముందు వైపుంటుంది కదే. ఇటెందుకొచ్చావు?"

"ముందునుంచి మనల్ని రానీరే," అంది అమ్మ, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. అమ్మ రెక్క పట్టుకుని చుట్టూ తిప్పి ముందు గేటు దగ్గరికి తీసుకెళ్ళాను. మేడకి కిటికీలు ఊడదీసేశారు. తలుపులు లేవు. గేటు దగ్గర కుర్చీలో ముసలి వాచ్‌మన్ ఒకాయన కూర్చునున్నాడు.

"ఎవరింటికి పోవాలె? అందరు ఖాళీ చేసిన్రు. రేపో ఎల్లుండో మిషిన్లొస్తయి," అన్నాడు.

నేను ఇంగ్లీషూ తెలుగూ కలిపి ఏదో మొదలెట్టబోయాను. అమ్మ అడ్డొచ్చి, "ఇది నాను మోసిన మేడ, బాబూ. ఓపాలి సూసి ఎల్లిపోతాను," అంది. ఆయన అమ్మ చేతుల కేసి చూశాడు, మొహం కేసి చూశాడు. ఏమీ అడగకుండా గేటు గొలుసు తీశాడు.

అమ్మ పైకెక్కుతుందనుకున్నాను. అయిదో అంతస్తు నుంచి ఊరంతా చూస్తుందనీ, నేనో ఫోటో తీస్తాననీ, దాంతో ఈ ముచ్చట తీరిపోతుందనీ అనుకున్నాను. అమ్మ మెట్ల వైపు చూడనైనా చూడలేదు. కార్లు దిగే వాలు మీదుగా కిందికి, సెల్లార్‌లోకి దిగిపోయింది. వెనకాల నేను ఫోన్ లైటు వేసుకుని పరిగెత్తాను.

అక్కడ నీళ్ళ సంపు ఉంది. సంపు మూతకీ గోడకీ మధ్య రెండు మూరల జాగా. అందులో పాత టైర్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు పడేశారు. అమ్మ వాటిని ఈడ్చి అవతల పారేసింది. మోకాళ్ళ మీద కూర్చుని కొంగుతో నేలని తుడిచింది. తుడుస్తూనే ఉంది.

"లైటు ఇటెట్టు," అంది.

పెట్టాను. సిమెంటు నేలలో చిన్న పాదం. మడమ, అయిదు వేళ్ళు, చిక్కుడు గింజలంత వేళ్ళు. దాని ముందు ఇంకోటి. దాని పక్కనే, కొంచెం పెద్దవి, ఇంకో రెండు పాదాలు.

"ఇది గుంటడిది," అంది అమ్మ.

తమ్ముడని తెలుస్తూనే ఉంది, అడగక్కర్లేదు. అయినా వాడికి ఒక కాలు ఉండేదనీ, ఆ కాలికి వేళ్ళుండేవనీ నేను ఎన్నడూ అనుకోలేదు. నాకు వాడు ఒక మాట మాత్రమే.

"మరి ఈ పెద్దవెవరివి?"

"నీవే."

"నావేటి? నేనిక్కడికి ఎప్పుడొచ్చినాను?"

"నీకు నాలుగేళ్ళు. ఇద్దర్నీ తెచ్చుకున్నాం. ఈ గోడ పక్కనే రేకుల పాక. ఆడు అప్పుడప్పుడే అడుగులేస్తన్నాడు. ఇక్కడ సిమెంటు పచ్చిగున్నాది. నువ్వే ఆడి సెయ్యట్టుకుని దీని మీద నడిపించీసినావు. పని సేయించీ మేస్త్రీ తిట్టినాడు, మళ్ళీ పూత పుయ్యమన్నాడు. మీ నాన్న పుయ్యనేదు. సంపు ఎనకాల ఎవులు సూస్తారని ఒగ్గీసినాడు." అమ్మ ఆ పాదాల మీద చెయ్యి వేసింది. "మరి పది రోజులకి జొరం. పాతిపెట్టిన సోట ఇప్పుడు ఏటున్నాదో నాకు తెల్దు. ఇది మాత్రం తెలుసు."

మొదటిసారి హైదరాబాద్ వెళ్ళేవాళ్ళకి సలహాలంటూ ఒక కాగితం నిండా రాసుకొచ్చాను! నేనిక్కడ ఉన్నాను. ఇక్కడ ఆడుకున్నాను. తమ్ముడి చెయ్యి పట్టుకుని నడిపించాను. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఆ మట్టిలోనే చతికిలబడ్డాను.

"ఇన్నేళ్ళూ నాకెందుకు సెప్పనేదే?" అని అరిచాను. సెల్లార్ అంతా మోగింది.

"నువ్వడిగినావేటి? ఒగ్గేసి పోనావు, ఒగ్గేసి పోనావు అంటావు. ఎందుకు ఒగ్గేసినానో ఒక్కపాలి అడిగినావేటి?" అమ్మ నా కేసి తిరగలేదు, ఆ పాదాల మీద చెయ్యి అలాగే ఉంచింది. "ఒకడ్ని ఇక్కడ పోగొట్టుకుని, ఉన్న ఒక్కదాన్ని మళ్ళీ ఈ నీళ్ళకీ ఈ దోమలకీ తెస్తానేటే?"

ఇరవై ఏళ్ళుగా నేను గెలిచాననుకున్న ప్రతి తగువూ నాకు గుర్తొచ్చింది. సిగ్గేసింది. అమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. అమ్మ నా వీపు మీద రెండుసార్లు తట్టి, "ఊరుకోయే, ఆ బాబు సూస్తన్నాడు," అంది. వాలు మీద వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు.

కళ్ళు తుడుచుకుని ఫోటోలు తీశాను. ఎన్ని తీసినా బూడిదరంగు మరకలే తప్ప పాదం పాదంలా రాలేదు. అమ్మకి చూపించాను.

"అందులో ఏటి తెలస్తాది," అని ఫోన్ పక్కకి నెట్టేసి, వాచ్‌మన్ని అడిగింది. "బాబూ, సీపురుందా?"

ఆయన పైకి వెళ్ళి కొబ్బరీనెల చీపురు తెచ్చాడు. ఊడుస్తుందనుకున్నాడు పాపం. అమ్మ అందులోంచి ఒక్క ఈనె లాగింది. వంగి, చిన్న పాదం మడమ దగ్గర ఒక కొస ఆనించి, బొటనవేలి దగ్గర గోరు పెట్టి, పుటుక్కున తుంచింది. మళ్ళీ ఆనించి చూసుకుంది. నా బ్యాగులోంచి పుల్లల కట్ట తీయించి, రబ్బరు బ్యాండు కిందికి దాన్ని దోపింది. దానికి చీటీ కట్టలేదు. అక్కర్లేదు కూడా, అన్నిటికంటే పొట్టిది అదే.

మర్నాడు లాడ్జిలో లేవగానే, "ఇంటికి పోదామా?" అని అడిగాను. నాకు చార్మినారూ వద్దు, గోల్కొండా వద్దు.

"సెప్పులు కొనొద్దేటి? ఈదంతా కాసుకుని కూకుంటారు," అంది అమ్మ. మొహం కడుక్కుని, తల దువ్వుకుని నాకంటే ముందే తయారైపోయింది.

చార్మినార్ పక్క బజారులో ఒక చెప్పుల షాపులోకి వెళ్ళాం. నేను పుల్లలు ఒక్కొక్కటీ ఇస్తుంటే షాపాయన మొదట వింతగా చూశాడు, తర్వాత హుషారు పుట్టి తనే పుల్లని చెప్పులో పడుకోబెట్టి సరిచూసి పక్కన పెడుతున్నాడు. ఎదురింటావిడ మనవరాలివి అయిపోయాయి. కిరాణా కొట్టాయన కూతురివి అయిపోయాయి. పదకొండూ అయిపోయాయి. నేను డబ్బులివ్వబోతుంటే అమ్మ నా చేతిలో మిగిలిన పుల్ల తీసుకుని తనే ఆయన ముందు పెట్టింది.

"ఇంత చిన్నయా? ఎన్నేండ్లమ్మా బాబుకు?"

"ఏడాదిన్నర," అంది అమ్మ. చెప్తుంటే మొహం విప్పారింది. ఆ మాట బయటివాళ్ళతో అనడానికి అమ్మకి ఇన్నేళ్ళు పట్టింది.

ఆయన పై అర మీంచి ఎర్ర చెప్పులు దించాడు, రెండగ్గిపెట్టెల పొడవున్నవి, మడమకి పట్టీ ఉన్నవి. పుల్ల పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది. అయినా తల అడ్డంగా ఊపి, వాటిని పక్కన పెట్టి ఇంకో జత తీశాడు.

"గీ వయసుల పిల్లలు జల్ది పెరుగుతరమ్మా. ఒక సైజు పెద్దది తీస్కోండ్రి. రెండు నెలలల్ల ఇవి పట్టయి, మళ్ల మీకే పరేషాన్."

నేను గోడకున్న చెప్పుల వైపు తిరిగిపోయాను. నా వెనకాల అమ్మ గొంతు మామూలుగానే వినపడింది.

"వద్దు బాబూ. కొలతకే ఇయ్యి."

ఆయన సరేనని ఎర్రవే డబ్బాలో పెట్టాడు. అమ్మ పుల్లని కూడా అందులోనే పెట్టించింది.